ఇంటివద్దనే తయారుచేసుకొనదగిన కోళ్ల మేత తొట్టెలు

పెరటి కోళ్లకు మీరు చేసే ఖర్చులో కొని వేసే దాణాదే పెద్ద పద్దు. దానిని నేలపై చల్లినప్పుడు కొంత మట్టిలోను, రెట్టలోను కలిసిపోవును. మరికొంత కాకుల పాలు, ఎలుకల పాలు అగును. కోడికి రోజుకు 50 గ్రాముల చొప్పున ఇరవై కోళ్లకు ఒక కిలో దాణా కావలెను. అందులో పదవ వంతు వృథా అయినను ఏడాదికి 36 కిలోలకు పైబడిన నష్టము. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతుల పిల్లలను రుణముపై తెచ్చుకొన్నవారికి ఈ నష్టము వాయిదా సొమ్ములోనుండే తరుగును.

అన్నిటికన్న చవుకైనది వెదురు తొట్టె. లావుపాటి బొంగును నిలువునా చీల్చి, రెండు చివరల గల కణుపులను మాత్రము ఉంచి, నడుమ కణుపులను తొలగించవలెను. దొర్లిపోకుండ అడుగున రెండు అడ్డ చెక్కలు బిగించవలెను. తొట్టెపై పొడవునా ఒక గుండ్రని కర్రను, రెండు కొసలలో మేకులపై తిరుగునట్లు వదులుగా అమర్చవలెను. కర్రను కదలకుండ బిగించినచో కోళ్లు దానిపై కూర్చుండి దాణాలో రెట్ట వేయును. తిరుగు కర్రపై నిలువలేవు. ఎదిగిన కోడికి సుమారు 10 సెంటీమీటర్ల చోటు కావలెను కనుక, ఇరుప్రక్కల నుండి తినగల మీటరు తొట్టె ఇరవై కోళ్లకు చాలును.

రెండవది బకెట్టు తొట్టె. పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు అంచున నాలుగైదు చోట్ల అంగుళము మించిన రంధ్రములు చేసి, దానికన్న వెడల్పయిన పళ్లెములో నిలిపి, రెంటిని నట్టుతో బిగించి, మూత పెట్టి వ్రేలాడదీయవలెను. కోళ్లు తినిన కొలది గింజలు తామే దిగును. నూకలు, మొక్కజొన్న రవ్వకు ఇది చక్కగా పనిచేయును. తవుడు ఎక్కువైన దాణా మాత్రము లోపలనే గడ్డకట్టి నిలిచిపోవును. దానికి వెదురు తొట్టెయే మేలు.

తొట్టె ఏదైనను దాని అంచు కోడి వీపు ఎత్తున ఉండవలెను. తగ్గినచో కాళ్లతో గీరి చిమ్మును. పిల్లలు ఎదిగిన కొలది త్రాడు కుదించుచుండుడు. వెదురు తొట్టెలో మూడవ వంతుకు మించి దాణా పోయరాదు. నిండుగా పోసిన తొట్టెయే ఎక్కువ పారబోయును.

ఇక ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినను మేతకు గాని, నీటికి గాని వాడరాదు. ప్లాస్టిక్కులో ఇంకిన మందు కడిగినంత మాత్రమున పోదు. అది కోడికి, గ్రుడ్డుకు, దానిని తిను మీ పిల్లలకును చేరగలదు. డీలర్లు ఖాళీ డబ్బాలను అడిగినవారికి ఇచ్చివేయు అలవాటును మానవలెను.

తడిసిన దాణాను ఏ రోజుకారోజు తీసివేయుడు. బూజు పట్టిన మొక్కజొన్నలోను, వేరుసెనగ చెక్కలోను అఫ్లాటాక్సిన్ అను విషము చేరును. ఎండబెట్టినను అది పోదు. రాత్రివేళ తొట్టెను లోపల పెట్టినచో ఎలుకల బెడద తగ్గును.

పశుపోషణకు, కోళ్ల పెంపకమునకు కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యము 2019లో విస్తరించబడినది. దాణా కొనుగోలు వంటి నిర్వహణ ఖర్చులకు అది వర్తించును గనుక మీ శాఖలో విచారించుడు.

గ్రుడ్లు పెట్టు పెట్టలకు ఆల్చిప్పల పొడిని దాణాలో కలుపక, వేరొక చిప్పలో ఉంచుడు. కావలసిన పెట్ట కావలసినంత తినును.