డప్పు మోత – చెవి ఓర్పు

మార్కాపురం పేరు వినగానే బడిపిల్లల రాతి పలక గుర్తుకు వస్తుంది. తెలుగునాట కొన్నిచోట్ల డప్పును కూడా పలక అనే పిలుస్తారు. ఈ రెండవ పలక మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు తిరునాళ్ళలో, గ్రామదేవతల కొలుపులలో ప్రొద్దుటినుంచి రాత్రి దాకా మోగుతుంది. వాయించే ముందు ఎండుగడ్డి మంట వేసి దానిని కాస్తారు. ఎందుకు?

మేకతోలు గాలిలోని తేమను పీల్చుకొని సడలుతుంది. సడలిన తోలు నెమ్మదిగా కంపిస్తుంది కాబట్టి నాదం మందగిస్తుంది. వేడికి తేమ పోయి తోలు బిగుసుకొంటుంది, స్థాయి పెరుగుతుంది. బిగువు నాలుగు రెట్లయితే కంపనాల సంఖ్య రెండు రెట్లవుతుంది.

తీగలకు కూడా ఇదే సూత్రం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1965లో టోనీ అయోమీ అనే యువకుడు రేకుల కర్మాగారంలో రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకొన్నాడు. తరువాత వేళ్ళకు నొప్పి తగ్గేందుకు గిటారు తీగలను సడలించాడు. అతని ‘బ్లాక్ సబాత్’ బృందం 1971 నాటి ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగలను మూడు స్వరస్థానాలు దించింది. సెకనుకు సుమారు 82 సార్లు కంపించే తీగ 69 సార్లే కంపించింది. ‘డూమ్ మెటల్’ అనే మందగతి సంగీతానికి ఆ గంభీర నాదమే మూలమైంది. నేడు పాశ్చాత్య దేశాలలో ఆ సంగీతానికి కూడా దినమంతా సాగే ఉత్సవాలున్నాయి.

మంద్రధ్వనులను మన చెవి అంత సులభంగా గ్రహించలేదు. అందుచేత వాటిని చాలినంతగా వినిపించాలంటే తీవ్రత పెంచవలసి వస్తుంది. అవి రొమ్మును కూడా అదిరించేది అందుకే.

చిక్కు ఇక్కడే ఉన్నది. లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలో ఉన్న కర్ణావర్తంలో, సుమారు 15,000 రోమకణాలుంటాయి. ధ్వనిని నాడీసంకేతంగా మార్చేవి ఇవే. పెద్ద మోతకు ఇవి అలసిపోతాయి. తిరునాళ్ళ నుంచి ఇంటికి వచ్చాక చెవిలో రొద, మాటలు మందంగా వినిపించడం దీని గుర్తులు. సాధారణంగా ఇది ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. మాటిమాటికీ జరిగితే కణాలు నశిస్తాయి. నశించినవి తిరిగి పుట్టవు. మొదట పోయేది హెచ్చుస్థాయి వినికిడి. అప్పుడు మనిషి గొంతు వినబడుతుంది గాని స, ష, త వంటి హల్లులు తెలియవు.

85 డెసిబెల్‌ల మోతను రోజుకు 8 గంటలు మించి వినరాదని ఒక లెక్క ఉన్నది. తీవ్రత 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ కాలం సగమవుతుంది. ఈ లెక్కన 100 డెసిబెల్‌లకు దక్కేది 15 నిమిషాలే. అందుకని వేడుక మానుకోనక్కరలేదు. ఆరుబయట దూరం రెండింతలైతే తీవ్రత సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అంటే వినదగిన కాలం నాలుగింతలవుతుంది. పిల్లలను డప్పులకు, లౌడుస్పీకర్లకు దూరంగా ఉంచాలి. నడుమ నడుమ నిశ్శబ్దంలో చెవికి విశ్రాంతి నివ్వాలి.

వాద్యకారుడు మాత్రం దూరంగా జరగలేడు. డప్పు అతని రొమ్ముకు ఆనే ఉంటుంది. చెవులలో దూది పెట్టుకొంటే చాలదు. మెత్తని ఫోము బిరడాలను సరిగా అమర్చుకొంటే తీవ్రత చాలవరకు తగ్గుతుంది. కాచిన డప్పు పదును కుదిరిందో లేదో ఒక్క దెబ్బతో తేల్చేది అతని చెవే. సడలిన తోలును మళ్ళీ కాచుకోవచ్చు. పోయిన వినికిడికి అటువంటి ఉపాయం లేదు.