ఆ ఒక్క ఆదివారం కోసం

మా అవ్వకు దుబాయ్ టైం తెలుసు. గోడ గడియారంలో తొమ్మిదిన్నర కాగానే బీడీల చాట పక్కకు జరిపి, చేతులు కడుక్కొని ఫోను ముందు కూర్చుంటుంది. అక్కడ ఎనిమిది. తమ్ముడు డ్యూటీ దిగి, స్నానానికి వరుసలో నిలబడి, వంతు ప్రకారం వంట చేసుకొని, మంచం ఎక్కి ఫోను చేసే వేళ అది. గంటన్నర తేడా ఉంటుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్ళ ఎదురుచూపులో లెక్క దానంతటదే కుదిరింది. ఆ ఊరిని ఆమె చూసింది మాత్రం ఫోను తెరలో పట్టినంత మేరకే. రెండంతస్తుల ఇనుప మంచం, తాడు మీద ఆరేసిన తువ్వాల, పక్క మంచం అంచున ఎవరివో కాళ్ళు.

వచ్చే డిసెంబరు రెండో వారంలో ఆమెను ఆ ఊరికి తీసుకుపోతున్నాను. అయిదు రోజులు, నాలుగు రాత్రులు. ఇద్దరికీ అదే మొదటి విమానం.

మా బాన్సువాడలో ‘దుబాయ్’ ఒక్క ఊరి పేరు కాదు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ ఎడారిలో ఒంటెలు కాసినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. 1970ల చమురు రోజుల నుంచీ ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల మగవాళ్ళు గల్ఫ్ దారి పట్టారు. 1931 నాటికే మంజీర మీద నిజాంసాగర్ కట్టారు, పెద్ద కాలువ మా ఊరి మీదుగానే పోతుంది. కాలువ కింద వరి పండే సీమ నుంచి ఎడారికి ఎందుకు పోయారని బయటివాళ్ళు అడుగుతుంటారు. సాగర్‌లో పూడిక పేరుకుంది. కాలువ చివరి పొలాలకు తడి అందక బోర్లు వేశారు, బోర్లు ఎండితే అప్పు మిగిలింది. ఎకరం, రెండెకరాల ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుడితే, మగవాళ్ళు సెంట్రింగ్ పనికో, క్లీనింగ్ పనికో ఏజెంటుకు డబ్బు కట్టి విమానం ఎక్కారు. మా చిన్నాయిన అలా పోయి పద్దెనిమిదేళ్ళు అక్కడ కాంక్రీటుకు చెక్కలు బిగించాడు. ఆయన తర్వాత మా తమ్ముడు.

ఇన్నేళ్ళలో ఆయన భార్య, అంటే మా చిన్నమ్మ, ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు. చూసే దారి లేదు. అక్కడ కుటుంబాన్ని తెచ్చి ఉంచుకోవాలంటే ఇప్పటి నిబంధన ప్రకారమైనా నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలి. చిన్నాయిన జీతం ఎన్నడూ పన్నెండు వందలు దాటలేదు. గదిలో ఎనిమిది మంది. కాబట్టి మా ఇళ్ళల్లో దుబాయ్ అంటే మొగోళ్ళు పోయే ఊరు, పెట్టెలు వచ్చే ఊరు. ఒక్కోసారి శవపేటిక వచ్చే ఊరు. చూడటానికి పోయే ఊరని ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు అనుకుంటున్నారు. నెల రోజుల టూరిస్టు వీసాకు లోపల ఉన్నవాడి జీతంతో పని లేదు. విమాన సంస్థలు, ట్రావెల్ ఆఫీసులు తెప్పిస్తాయి. బ్యాంకాక్, సింగపూర్‌లకు సెలవుల్లో పోయి వచ్చే కుటుంబాలు కామారెడ్డి, నిజామాబాద్‌లలో చాలానే ఉన్నాయి. మా వీధిలో మాత్రం అందరి నోటా ముందుగా వచ్చే పేరు దుబాయే. అవ్వ తన బీడీల పీఎఫ్ పైసలు తీసి నా చేతిలో పెట్టి, ‘వానికాడికి పోయొద్దాం బిడ్డా, పానం బాగున్నప్పుడే’ అంది.

మొదట నాకు దొరికింది ఒక ట్రావెల్ ఆఫీసు ఇచ్చిన రంగుల కాగితం. అయిదు రోజుల్లో పద్నాలుగు చోట్లు. బుర్జ్ ఖలీఫా, ఎడారిలో జీపు, పడవలో భోజనం, పూలతోట, ఒక పూట అబుదాబి. తమ్ముడికి ఫొటో తీసి పంపాను. వాడు చదివి, ‘మంచిగున్నది అన్నా. నాకు ఆదివారం ఒక్కటే ఛుట్టి. గంతే’ అన్నాడు.

ఆ మాటతో కాగితం మడిచేశాను. అక్కడ 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. అంతకుముందు శుక్ర, శనివారాలు సెలవుగా ఉండేవి. కూలి పని కంపెనీల్లో వారానికి ఒక్క రోజే, ఏ కంపెనీకి ఏ రోజన్నది ఆ కంపెనీ ఇష్టం. మనవాడిని చూడటానికి పోయేవాళ్ళు టికెట్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నాకు అర్థమైంది. ఆదివారం నడుమన ఉండేలా శుక్రవారం దిగి మంగళవారం తిరిగి వచ్చేట్టు టికెట్లు చూశాను. హైదరాబాద్ నుంచి ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. మా ఊరి నుంచి శంషాబాద్ చేరడానికీ ఇంచుమించు అంతే పడుతుంది.

నెల కూడా ఆలోచించే ఎంచుకున్నాం. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టమే ఉంది. పని చేసేవాళ్ళకే వద్దన్న ఎండలో అరవై రెండేళ్ళ అవ్వను తిప్పలేను. నవంబరు నుంచి మార్చి దాకా హాయి. డిసెంబరు 2, 3 వాళ్ళ జాతీయ దినోత్సవ సెలవులు, నెలాఖరున కొత్త సంవత్సరం రద్దీ. రెండింటి మధ్య వారం మాది.

పాస్‌పోర్టు దగ్గర మా సీమవాళ్ళు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి ఇంటిపేరు. పేరు గడిలో ఒకే మాట ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను 2022 నవంబరు నుంచి యూఏఈ ఆపేస్తోంది. మన పాత తరం వాళ్ళ కాగితాల్లో ఒంటి పేరే ఎక్కువ. అవ్వ ఆధార్‌లో కూడా అంతే. ముందు అది సరిచేయించి, తర్వాత నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోయాం. రెండోది పదో తరగతి సంగతి. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది, గల్ఫ్‌లో పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి తప్పనిసరి. యాభై దాటినవాళ్ళకు ఆ ముద్ర ఉండదు. బడి మొహం చూడని మా అవ్వ పాస్‌పోర్టు అందుకే ఏ ముద్రా లేకుండా వచ్చింది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. విజిట్ వీసా చూసి రావడానికే. దాని మీద పంపించి ‘అక్కడికి పోయినంక కంపెనీ వీసా చేయిస్తం’ అనే ఏజెంట్లు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. మా గల్లీలో పిల్లవాడొకడు అలాగే పోయి, గడువు దాటి, రోజుకు 50 దిర్హాముల జరిమానా పెరుగుతుంటే దాక్కొని పని చేశాడు. వాడికి జీతం కాగితం లేదు. వలస అనుమతితో పోయినవాళ్ళకు వచ్చే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా లేదు. ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోయాడన్నారు ఊళ్ళో. వాడి తల్లి మా అవ్వతో కలిసి బీడీలు చుడుతుంది. మేం పోతున్నామని తెలిసి ‘ఏం వీసా?’ అని ఆమె అడిగిన తీరు నేను మర్చిపోలేను. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, ఖర్చులకు చేతిలో డబ్బు, ఈ మూడూ విమానాశ్రయంలో చూపించగలిగేలా ఉంచుకోమని ఆమెకు చెప్పినట్టే అందరికీ చెబుతున్నాను.

ఇక మూట. అవ్వ ప్రయాణం అంతా ఆ మూటలోనే ఉంది. సకినాలు, గారెలు, సర్వపిండికి బియ్యప్పిండి, మామిడి తొక్కు, ఇంట్లో దంచిన మసాలా. తమ్ముడికి పట్టుకుపోదామనే ఆ మసాలాలో గసగసాలు వేసింది. ఆ డబ్బా చూసి నా గుండె ఆగినంత పనైంది. గసగసాలు యూఏఈలో మత్తుపదార్థాల కింద లెక్క. చిన్న పొట్లం దొరికినా కేసే. మన కూర చిక్కదనానికి వేసే దినుసు అక్కడ జైలుకు పంపగలదంటే అవ్వ ఓ పట్టాన నమ్మలేదు. తమ్ముడితో ఫోనులో చెప్పిస్తే గానీ డబ్బా పక్కన పెట్టలేదు. మళ్ళీ గసగసాలు లేకుండా దంచుతానంది. తమలపాకులూ, వక్కా కూడా ఇంట్లోనే వదలాలి. దుబాయ్‌లో పాన్ నిషేధం. మోకాళ్ళ నొప్పికి ఆమె వాడే గోలీలు డాక్టరుకు చూపించాను. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. ఆయన మందు మార్చి, ఇంగ్లిషులో చీటీ రాసిచ్చాడు. షుగరు మందులు కూడా అదే చీటీతో, చేతి సంచిలో.

ఊరు ఎలా చూడాలన్నది తమ్ముడే చెప్పాడు, కొంత చిన్నాయిన చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే. పెద్ద ఊరును మొత్తం పట్టుకోవాలని చూడొద్దు, వాగు పక్కన బస చేయండి అన్నారు. వాగంటే దుబాయ్ క్రీక్, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఒక ఒడ్డు దేరా, అవతలి ఒడ్డు బర్ దుబాయ్. చమురు దొరికింది 1966లో. అంతకు ఎంతో ముందు ఊరంటే ఆ రెండు ఒడ్లే. ముత్యాలు, ఎండుచేపలు, మన దేశపు బట్టలు, బియ్యం ఆ పాయలోనే దిగేవి. బర్ దుబాయ్ వైపు 1787లో కట్టిన అల్ ఫాహిదీ కోట ఇప్పటికీ ఉంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు అబ్రా అనే చెక్క పడవ దాటిస్తుంది. మనిషికి ఒక్క దిర్హాం, అంటే దగ్గర దగ్గర పాతిక రూపాయలు. కోట్ల రూపాయల మేడలున్న ఊళ్ళో, పైసలు పెట్టి ఎక్కేవాటిలో ఇదే చవక. నాకైతే ఇదే ముఖ్యం కూడా. చిన్నాయిన పద్దెనిమిదేళ్ళలో సరదాగా తిరిగింది ఆ పడవ మీదే. జీతం వచ్చిన వారం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రెండు దిర్హాములతో పోయి వచ్చేవాడట. ‘మంజీర యాదికొచ్చేది’ అన్నాడు.

కాబట్టి శనివారం మొత్తం వాగుకే ఇచ్చాం. పొద్దున బర్ దుబాయ్ బట్టల బజారు, పడవ, అవతల దేరాలో దినుసుల బజారు, దాని పక్కనే బంగారు బజారు. బంగారం చూడటానికే. ఏడాదికి మించి విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్ళకే ఆడవాళ్ళకు 40 గ్రాములు, మగవాళ్ళకు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకునే వీలుంది. అయిదు రోజులకు పోయే మాకు అది వర్తించదు. ఈ సంగతి తెలియక కొని, శంషాబాద్‌లో సుంకం కట్టలేక ఏడ్చినవాళ్ళున్నారు.

సోమవారం మెట్రో. 2009 సెప్టెంబరు 9న మొదలైన ఆ రైలుకు డ్రైవరు ఉండడు. నోల్ కార్డు కొనుక్కొని గేటు దగ్గర తాకిస్తే దూరాన్ని బట్టి మూడు నుంచి ఏడున్నర దిర్హాములు పోతాయి. ఆడవాళ్ళకు వేరే పెట్టె ఉంది. లోపల ఏం తిన్నా, తాగినా వంద దిర్హాముల జరిమానా, సకినం ముక్క అయినా సరే. బుర్జ్ ఖలీఫా స్టేషన్‌లో దిగాక దాదాపు 800 మీటర్ల ఏసీ వంతెన మీద నడక. కదిలే పట్టీలు ఉన్నాయి, అవ్వ మోకాళ్ళకు అవే దిక్కు.

ఆ బుర్జ్ పైకి ఎక్కాలా వద్దా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. 828 మీటర్లు, 2010 జనవరి 4న తెరిచారు. 124వ అంతస్తు నుంచి ఊరు చూడటానికి టికెట్టు. దాన్ని లేపిన రోజుల్లో చిన్నాయిన ఆ చుట్టుపక్కల వేరే మేడలకు సెంట్రింగ్ కొడుతుండేవాడు. ఒక్కో అంతస్తే పెరగడం చూశాడు, పైకి మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఆ టికెట్టు డబ్బు ఇంటికి పంపితే నెల రేషను అన్నాడు. అవ్వ కూడా కిందనే నిలబడి చూస్తానంది. నేను బలవంతం చేయదలచుకోలేదు. సాయంత్రం నీళ్ళ ఫౌంటెన్ ఉచితం, అక్కడే కూర్చుంటాం. ఆ పక్క మేడల్లో చిన్నాయిన పని చేసినవి ఏవో ఆయనతో ఫొటోల మీద గుర్తు పెట్టించుకున్నాను. మూడు ఉన్నాయి. అవ్వకు వేలుపెట్టి చూపించాలి. ఆ ఊరి మేడలకు వాస్తుశిల్పుల పేర్లు ఉన్నాయి, యజమానుల పేర్లు ఉన్నాయి. చెక్క బిగించిన చేతులది కామారెడ్డి జిల్లా అని మా ఇంటివాళ్ళమైనా తెలుసుకొని చూడాలి కదా.

జెబెల్ అలీలో 2022 దసరాకు తెరిచిన గుడి ఉంది. మంగళవారం విమానం రాత్రికి గనుక పగలు అక్కడికి.

ఇక ఆదివారం. ఆ రోజు గడి చాలా కాలం ఖాళీగానే ఉంచాను. తమ్ముడు పొద్దున్నే హోటల్‌కు వస్తాడు. తొమ్మిదింటికల్లా అవ్వ మూట విప్పుతుంది. మధ్యాహ్నం కరామాలో మనవాళ్ళ హోటల్లో భోజనం. అంతవరకు సులువే. అవ్వ అడిగింది వేరు. ‘వాడు పండుకునే జాగ చూడాలె’ అంది.

తమ్ముడు ఆ మాటకు చాలాసేపు పలకలేదు. వాడు ఉండేది ముహైస్నా దగ్గర, అందరూ సోనాపూర్ అంటారు. పేరుకు బంగారు ఊరు. వేల మంది కూలీలు ఉండే క్యాంపులు. మగవాళ్ళ క్యాంపు గదుల్లోకి ఆడవాళ్ళను రానివ్వరు, క్యాంప్ బాస్ ఒప్పుకోడు. వద్దు అవ్వా, మాల్‌కు పోదాం అన్నాడు. వాడి గొంతులో ఇబ్బంది నాకు తెలిసింది. ఆ గది ఆమెకు కనబడకుండా ఇన్నేళ్ళూ ఫోనును ఒకే మూలకు తిప్పి పట్టుకున్నాడు.

అవ్వ పట్టు విడవలేదు. ‘లోపటికి రాను బిడ్డా. గేటు కాడ నిలబడి చూస్త. ఏ అంతస్తో చెప్పు, సాలు.’

కాసేపటికి చెప్పాడు. మూడో అంతస్తు, ఎడమ దిక్కు చివరి కిటికీ. నా కాగితంలో ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు ఎదురుగా అదే రాసుకున్నాను.