రాగిరేకులూ ర్యామూ
తిరుచానూరు అలమేలుమంగను కీర్తించిన అన్నమాచార్యుల సంకీర్తనలు నేటికీ దక్కాయంటే, అవి గాయకుల కంఠాలకే పరిమితం కాకుండా రాగిరేకులకెక్కి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపడటమే కారణం. కంప్యూటర్‌లోనూ ఇటువంటి భేదమే ఉంది. ర్యామ్ అనే తాత్కాలిక స్మృతిలో ప్రతి బిట్టూ, అంటే సున్నా లేదా ఒకటి అనే సంకేతం, కెపాసిటర్ అనే అతిసూక్ష్మ భాగంలో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం నిరంతరం కారిపోతుంటుంది కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపే తిరిగి నింపవలసి వస్తుంది, కరెంటు పోతే సమాచారమంతా చెరిగిపోతుంది. అయినా ప్రాసెసర్‌కు ర్యామ్ తప్పనిసరి, ఎందుకంటే వేగంలో శాశ్వత నిల్వ దానికి సాటిరాదు. శాశ్వత నిల్వ సాధనాల్లో హార్డ్ డిస్క్ అయస్కాంత దిశల రూపంలోనూ, ఎస్‌ఎస్‌డి కరెంటు ప్రసరించని పొరల నడుమ చిక్కిన ఎలక్ట్రాన్ల రూపంలోనూ సమాచారాన్ని కరెంటు లేకున్నా నిలుపుతాయి. అయితే వీటికి రాగిరేకుల మన్నిక లేదు; ఎస్‌ఎస్‌డిని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంచితే ఆ ఎలక్ట్రాన్లు సైతం మెల్లగా జారిపోగలవు.