డాష్‌బోర్డ్ ముందు మూడు కాళ్ల కుందేలు

చిన్న లెక్క. ఒక స్కూలు గురించి 100 మంది తల్లిదండ్రుల్ని అడిగితే 84 మంది బాగుందన్నారు. ఇంకో స్కూలు గురించి 200 మందిని అడిగితే 140 మంది బాగుందన్నారు. ఏది మెరుగు? మొదటిదే. 84 శాతం ఎక్కడ, 70 శాతం ఎక్కడ!

ఇప్పుడు మొదటిది ప్రైవేటు, రెండోది ప్రభుత్వానిది అని పేర్లు తగిలించండి. లెక్క మారదు కదా? కానీ చాలామంది జవాబు మారిపోతుంది!

డెన్మార్క్ పరిశోధకులు ఇలాంటి లెక్కల్నే అక్కడి 954 మంది రాజకీయ నాయకుల ముందు పెట్టారు. ఫలితాలు 2019లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్'లో వచ్చాయి. అంకెలు తమ నమ్మకానికి వత్తాసు పలికితే ఎక్కువమంది సరిగ్గానే చదివారు. ఎదురు తిరిగితే మాత్రం తప్పులు పెరిగాయి. మనవాళ్లు ఎప్పుడో చెప్పారుగా, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని! దీనికి సైకాలజీలో పేరు 'మోటివేటెడ్ రీజనింగ్'.

అసలు ట్విస్ట్ ఇంకోటి. ఎక్కువ ఆధారాలు ఇస్తే పాత నమ్మకం సడలుతుందని పరిశోధకులు అనుకున్నారు. జరిగింది రివర్స్. ఆధారాలు పెంచితే నమ్మకం పట్టు ఇంకా బిగిసింది.

నాయకులే కాదు, ఏ ఆసుపత్రికి నిధులివ్వాలో, ఏ కాంట్రాక్టు ఆపాలో తేల్చే అధికారులూ మనుషులే. అంకెని చెప్పే తీరు కూడా తక్కువదేం కాదు. '90 శాతం రోగులు సంతృప్తిగా ఉన్నారు', '10 శాతం అసంతృప్తిగా ఉన్నారు'... రెండూ ఒకటే. కానీ డెన్మార్క్‌లోనే జరిగిన మరో ప్రయోగంలో, రెండో మాట చదివినవాళ్లు ఆసుపత్రికి తక్కువ మార్కులేశారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మా ఫీల్డ్‌లో ఏ సమస్యకైనా మొదటి మందు, 'ఒక డాష్‌బోర్డ్ పెడదాం'. కానీ డాష్‌బోర్డ్ అంకెని చూపిస్తుందంతే, చదివేది మనిషి. అందుకే మూడు పనులు చేసి చూడొచ్చు. ఎంత వస్తే పాస్, ఎంత వస్తే ఫెయిల్ అనేది అంకెలు చూడకముందే రాసిపెట్టుకోవాలి. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకి విద్యార్థి పేరు కనబడనివ్వరు కదా, అలాగే ముందు పేర్లు దాచి ఎ, బి అని చూపాలి. సంతృప్తి శాతం పక్కనే అసంతృప్తి శాతమూ వేయాలి.

మరి మన సంగతి? ఈసారి మీ అభిమాన నాయకుడి గ్రాఫ్ వాట్సాప్‌లో వస్తే, పేరు మీద వేలు పెట్టి మూసి చదవండి. అప్పుడూ అదే మాట అంటే, హాయిగా ఫార్వర్డ్ చేసుకోండి.