ఈ-మెయిలు ప్రోగ్రామున చేర్పుల దోషములు: కనుగొను విధానము

2007వ సంవత్సరమున కోలారు జిల్లానుండి విడివడి యేర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో, విశేషించి బాగేపల్లి, చింతామణి తాలూకాలలో, అనేక కుటుంబములకు ఇంటి భాష తెలుగు. బడి భాషయు కచేరి భాషయు కన్నడము. కంప్యూటరు తెరపై కనబడునది ఇంగ్లీషు. యంత్రము సక్రమముగా నడచునంతవరకు ఈ మూడింటి పొత్తు ఎవరికిని బాధ కలిగింపదు. ఉదయమున ఔట్‌లుక్‌ను తెరచినప్పుడు ఉత్తరములకు మారుగా నాలుగు పంక్తుల ఇంగ్లీషు హెచ్చరిక ప్రత్యక్షమైనచో చిక్కు మొదలగును. చింతామణి టమాటా వర్తకునకైనను, బాగేపల్లి వకీలునకైనను అప్పుడు వెంటనే తోచు మార్గము యంత్రమును బాగుచేయువానికి అప్పగించుట. అతడు తొందరపడి డిస్కును తుడిచి సర్వమును కొత్తగా ఎక్కించినచో కొన్నేండ్ల ఉత్తరములు పోవచ్చును. అట్టి తొందర చాలవరకు అనవసరము.

మొదట ఉత్తరములు ఎచ్చట నుండునో తెలిసికొనవలెను. ఐమాప్ పద్ధతిలో అసలు ప్రతి సర్వరునందే యుండును. పాప్ పద్ధతిలో ఉత్తరములు మన యంత్రమునకు దిగివచ్చి, సర్వరునందలి ప్రతి కొలది దినములకు తొలగింపబడునట్లు అమర్చబడి యుండవచ్చును. అప్పుడు మనకు మిగులునది, సాధారణముగా డాక్యుమెంట్స్‌లోని ఔట్‌లుక్ ఫైల్స్ అను అరలో నుండు పిఎస్‌టి ఫైలు ఒక్కటే. ఏ చికిత్స ప్రారంభించుటకైనను ముందు ఔట్‌లుక్‌ను మూసి, దాని నకలును పెన్‌డ్రైవులో దాచుకొనవలెను.

ఇక హెచ్చరికలో తరచుగా కనబడు ఆడ్-ఇన్ అను మాట. దీనిని మనము 'చేర్పు' అందము. అది ప్రోగ్రాములో భాగము కాదు. వెలుపలివారు వ్రాసి దానికి తగిలించిన చిన్న పనిముట్టు. వైరసులను పట్టునది, పిడిఎఫ్ చేయునది, టీమ్స్ సమావేశమును ఏర్పరచునది ఇట్టివి. ఔట్‌లుక్ లేచునప్పుడే ఇవియు లేచును గావున, వీనిలో ఒకటి తడబడినను ప్రోగ్రామంతయు చెడినట్లు తోచును.

పరీక్షకు సులభమైన ఉపాయము కలదు. కంట్రోల్ మీటను అదిమిపట్టి ఔట్‌లుక్ చిహ్నమును తెరచినచో, సేఫ్ మోడ్‌లో ప్రారంభింపవలెనా యని అడుగును. అంగీకరింపగా చేర్పులు లేకుండ తెరచుకొనును. ఇట్లు తెరచుకొని, మామూలుగా తెరచుకొననిచో దోషము చేర్పులలోనే యున్నదని చాలవరకు నమ్మవచ్చును. అప్పుడు ఫైల్, ఆప్షన్స్, ఆడ్-ఇన్స్ అను వరుసలో పోయి, అడుగున కామ్ ఆడ్-ఇన్స్ ఎదుట గో అను మీటను నొక్కినచో పట్టిక వచ్చును. చేర్పులు ఎనిమిది యున్నవనుకొందము. నాలుగింటి గుర్తులు తీసివేసి ఔట్‌లుక్‌ను మరల మామూలుగా తెరువవలెను. బాధ తీరినచో దోషి ఆ నాలుగింటిలో నున్నది. తీరనిచో మిగిలిన నాలుగింటిలో. దోషి ఒక్కటే యైనచో ఈ సగపాళ్ళ పద్ధతిచే మూడు పరీక్షలలో దొరకును. ఒక్కొక్కటిగా తీయుటకంటె ఇది మేలు.

సేఫ్ మోడ్‌లోను తెరచుకొననిచో చేర్పులను నిందింపరాదు. ప్రొఫైలునో పిఎస్‌టి ఫైలునో శంకింపవలెను. ఫైలును సరిచేయుటకు ఆఫీసుతో వచ్చు స్కాన్‌పిఎస్‌టి అను పనిముట్టు కలదు.

కారణములలో రెండు ముఖ్యములు. మొదటిది 32 బిట్ల చేర్పును 64 బిట్ల ఆఫీసునకు తగిలించుట. 2019 సంచికనుండి ఆఫీసు, వేరుగా కోరనిచో, 64 బిట్లదిగా ఎక్కుచున్నది. పాత చేర్పు దానియందు లేవదు. దానిని తయారుచేసినవారినుండి కొత్త ప్రతి తెచ్చుకొనవలసినదే. రెండవది ఆలస్యము. 2013 సంచిక మొదలుకొని ఔట్‌లుక్ చేర్పులు లేచు కాలమును కొలుచుచున్నది. వరుసగా ఐదుమారుల కొలతలలో మధ్యమము 1,000 మిల్లీసెకండ్లను, అనగా ఒక్క సెకండును, మించినచో ఆ చేర్పును తానే నిలిపివేయును. పాత డిస్కుతో నీడ్చుకొనుచున్న యంత్రమున ఏ పాపమెరుగని చేర్పు కూడ ఇట్లు శిక్షింపబడవచ్చును! ఫైల్ పుటలో స్లో అండ్ డిజేబుల్డ్ ఆడ్-ఇన్స్ అను చోట దానిని మరల నియమింపవచ్చును.

మన ప్రాంతమున మరియొక అపోహ వినబడును. కన్నడమునకు నుడి, తెలుగునకు బరహ వంటి లిపి సాధనములను ఎక్కించినవారు ఔట్‌లుక్ మొరాయించగానే వానిని తొలగింతురు. ఆ సాధనములు విండోసునందు మీటలను అక్షరములుగా మార్చునవి. ఔట్‌లుక్ పట్టికలోని చేర్పులు కావు. పట్టికలో పేరు లేనిదానిని ముందుగా తొలగించుట తెలుగు వ్రాతకు మాత్రమే నష్టము.

థండర్‌బర్డ్ వాడువారు విండోసున షిఫ్ట్ మీటను అదిమిపట్టి ప్రోగ్రామును తెరచినచో ట్రబుల్‌షూట్ మోడ్ వచ్చును. 2020లో వెలువడిన 78వ సంచికతో అందు పాత తరహా చేర్పులకు ఆదరణ నిలిచిపోయినది. విండోసు కొరకు వచ్చిన కొత్త ఔట్‌లుక్ కూడ కామ్ చేర్పులను స్వీకరింపదు. కావున వ్యాపారపు లెక్కలకో, దస్త్రములకో అట్టి చేర్పుపై ఆధారపడినవారు దానికి మారుపనిముట్టు ఉన్నదో లేదో విచారించిన పిమ్మటనే కొత్తదానికి మారవలెను.