ఆరు ఇన్నింగ్స్ ఏం చెబుతాయి?

కెవిన్ ఓబ్రయన్ టెస్టు సగటు 51.60. సునీల్ గవాస్కర్‌ది 51.12. ఈ రెండు అంకెలే చూస్తే ఐర్లండ్ ఆటగాడిదే పైచేయి. అయితే గవాస్కర్ 214 ఇన్నింగ్స్ ఆడాడు. ఓబ్రయన్ ఆడినవి ఆరు.

ఐర్లండ్ తొలి టెస్టు 2018 మేలో, డబ్లిన్ పక్కనున్న మాలహైడ్‌లో పాకిస్థాన్‌తో జరిగింది. ఫాలో ఆన్‌లో ఓబ్రయన్ చేసిన 118 ఆ దేశానికి తొలి టెస్టు సెంచరీ. అతని స్కోర్లు వరసగా ఇవి: 40, 118, 12, 56, 28 నాటౌట్, 4. మొత్తం 258 పరుగులు, ఐదుసార్లు ఔట్. ఆ సెంచరీ తీసేస్తే 140 పరుగులు, నాలుగు ఔట్లు, సగటు 35. సెంచరీ గొప్పదనం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. దాన్ని పట్టుకుని రాబోయే స్కోర్లు ఊహించబోతేనే చిక్కు.

ఈ చిక్కుకు లెక్క కట్టిన మనిషి పనిచేసిందీ డబ్లిన్‌లోనే. విలియం సీలీ గాసెట్ 1899లో గిన్నెస్ బీరు కంపెనీలో చేరాడు. అక్కడ బార్లీ మీద చేసే పరీక్షలు చాలావరకు కొద్దిపాటి నమూనాలతోనే తేల్చాల్సి వచ్చేది. అప్పటి సూత్రాలకు నమూనాలు ఎక్కువ కావాలి. గాసెట్ 3,000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ఒక్కో గుంపు సగటు అసలు సగటుకు ఎంత దూరంలో పడుతోందో చూసి, తన సూత్రాన్ని సరిచూసుకున్నాడు. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు అచ్చువేయడం కంపెనీకి ఇష్టం లేదు. అందుకే 1908లో ఆ వ్యాసం ‘స్టూడెంట్’ పేరుతో వెలువడింది.

ఓబ్రయన్‌కు అదే సూత్రం వేసి చూద్దాం. నాటౌట్‌ని కూడా ఔట్‌గానే లెక్కపెడితే ఇన్నింగ్స్‌కు 43 పరుగులు. పాత పద్ధతిలో 95 శాతం నమ్మకంతో చెప్పగల హద్దులు 10 నుంచి 76. స్టూడెంట్ పద్ధతిలో దాదాపు 0 నుంచి 86! క్రికెట్ స్కోర్లు గంట ఆకారపు వక్రరేఖలో సరిగ్గా ఒదగవు గనుక ఇదీ ఉజ్జాయింపే. మేటి బ్యాటర్ అనడానికీ, అతి సామాన్యుడు అనడానికీ ఆ ఆరు స్కోర్లూ తావిస్తున్నాయి.

మరి కొద్దిపాటి ఆటతో ఆటగాళ్లను పోల్చేదెలా? బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రవేత్తలు అమెరికా బేస్‌బాల్‌లో ఒక దారి చూపారు. 1970 సీజన్‌లో 18 మంది ఆటగాళ్లు తలా 45 సార్లు బ్యాట్ పట్టినప్పటి సగటులు తీసుకుని, ప్రతి సగటునూ అందరి ఉమ్మడి సగటు 0.265 వైపు జరిపారు. సీజన్ ముగిశాక చూస్తే, ఈ అంచనాల్లో తేడాల వర్గాల మొత్తం విడి సగటులతో వచ్చినదాంట్లో మూడో వంతు కూడా లేదు.

రాబర్టో క్లెమెంటే దగ్గర మాత్రం పద్ధతి తడబడింది. 45లో 18 హిట్లతో అతని సగటు 0.400. దాన్ని 0.290 దరిదాపులకు దించేసింది. మిగతా సీజన్‌లో అతను 0.346 కొట్టాడు. క్లెమెంటే 1955 నుంచీ పెద్ద లీగ్‌లో ఆడుతున్నవాడు, అప్పటికే నాలుగుసార్లు తన లీగ్‌లో బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలో నిలిచినవాడు. ఆ రికార్డంతా లెక్కలోకి రాలేదు. వచ్చినవి ఆ 45 అవకాశాలే.