జతలో ఒకటి పోతే.. మిగిలిన పెట్టను కాపాడుకోండిలా!

పెరట్లో తిరిగే జత పెట్టల్లో ఒకటి పోయిందంటే చిన్న రైతు ఇంట్లో అది చిన్న నష్టం కాదు. పిల్లల కంచంలోకి గుడ్డు, చుట్టాలొస్తే కూర, చేతిలో చిల్లర ఆడనప్పుడు సంతలో నాలుగు డబ్బులు.. అన్నీ ఆ పెట్టల మీదే. ఒకటి పోగానే చాలామంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. ‘ఒంటి కోడి ఎందుకులే’ అని మిగిలినదాన్ని అమ్మేస్తారు. కాదంటే ఆ వారం సంతలోనే ఇంకో కోడిని కొనుక్కొచ్చి అదే గూట్లో వదులుతారు. రెండూ తొందరపాటే. అమ్మితే జబ్బు పక్క ఊరికి పోవచ్చు. కొత్తది తెస్తే అదీ పోవచ్చు, ఉన్నదీ పోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే మూడు వారాలు ఓపిక పట్టడం మేలు.

ముందు కారణం తెలుసుకోండి

చచ్చిన కోడిని పరికించి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. తల, మెడ దగ్గర గాట్లుంటే ముంగిసో, పిల్లో పట్టిందన్నమాట. అలాంటప్పుడు మిగిలిన పెట్టకు జబ్బు భయం ఉండదు గానీ, రుచి మరిగిన ముంగిస మళ్లీ వస్తుంది. ఆ రాత్రికే గూటి సందులు మూసి తలుపు బిగించాలి.

ముందురోజు దాకా చక్కగా తిరిగిన కోడి ఉన్నట్టుండి పడిపోతే విషం మేత తిన్నదేమో ఆలోచించండి. విత్తనశుద్ధి చేయగా మిగిలిన గింజలు, ఎలుకల మందు కలిపిన నూకలు, పురుగుమందు డబ్బా కడిగిన నీళ్లు పెరట్లో ఎక్కడైనా ఉన్నాయా చూడండి. అవి తీసేసేదాకా రెండో కోడిని గంప కింద మూసి, మంచినీళ్లు, ఇంటి మేత పెట్టండి.

రెక్కలు వాల్చి, ముడుచుకు కూర్చుని, ఆకుపచ్చగా తెల్లగా పారుతూ, నోరు తెరిచి గాలి పీలుస్తూ, మెడ వంకర తిరిగి చనిపోతే కొక్కెర తెగులని అనుమానించాలి. డాక్టర్లు దీన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. ఈ జబ్బు రెట్ట ద్వారా, మేత, నీళ్ల ద్వారా, మన చెప్పుల ద్వారా కూడా పక్క పెరట్లోకి పోతుంది.

జబ్బుతో పోయిన కోడిని వండుకోవద్దు. కుక్కలకు వేయొద్దు, కాలవలో పారేయొద్దు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తీసి, రెండు మూడు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి. గూట్లోని చెత్త కాల్చేసి, గూటికి సున్నం వేసి ఎండనివ్వండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వీధిలో నాలుగైదిళ్ల కోళ్లు ఒకేసారి పడిపోతుంటే మాత్రం మీరు ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరకు రానీయకండి. పశువుల ఆసుపత్రికి గాని, 1962 నంబరుకు గాని కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మరచిపోకూడదు.

ఒంటరి పెట్ట ఎందుకు డీలా పడుతుంది?

కోడి గుంపుగా బతికే జీవి. ఒకటి తల వంచి గీరుకుంటుంటే ఇంకోటి తలెత్తి గద్ద, కుక్క వస్తున్నాయేమో చూస్తుంది. తోడు పోయాక రెండు పనులూ ఒక్కటే చేసుకోవాలి. అందుకే గింజ మీద కంటే చుట్టూ చూడడం మీదే దాని ధ్యాస. తోడు కోసం అరుస్తుంది, గూట్లోకి ఒంటరిగా పోనంటుంది, కొన్నాళ్లు గుడ్లు మానేయొచ్చు. చలికాలం రాత్రి పక్కన ఒదిగే ఒళ్లు లేక వెచ్చదనమూ తగ్గుతుంది. ఇది బెంగ అనుకోండి, బెదురు అనుకోండి, రెండిటికీ మందు ఒకటే. దాన్ని మనుషుల అలికిడి ఉన్నచోట ఉంచాలి.

గూటిని పెరటి మూల నుంచి వసారా పక్కకో, పశువుల కొట్టం దగ్గరికో జరపండి. కొట్టంలో గొడ్ల కాళ్ల దగ్గర పురుగులు ఏరుకుంటూ పొద్దు గడుపుతుంది. రోజూ ఒకే వేళకు, మీకు అలవాటైన పిలుపుతోనే పిలిచి మేత వేయండి. బయట ఏరుకునేది కాక నూకలు, జొన్నలు, సజ్జలు ఏవైనా సరే 40-50 గ్రాములు, అంటే ఓ గుప్పెడు వేస్తే సరిపోతుంది. గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడిచేసి కలిపితే కొత్త గుడ్లకు పెంకు గట్టిపడుతుంది. ఓ మూల బూడిద, పొడి మట్టి పోసి ఉంచితే అందులో పొర్లాడి పేలు, గోమార్లు వదిలించుకుంటుంది. గూట్లో పడుకోడానికి అడ్డకర్ర పెట్టి, చలిరాత్రి గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టండి. పైన కాస్త గాలి ఆడనివ్వాలి సుమా!

21 రోజుల కాపలా

కొక్కెర తెగులు ఒంట్లో చేరిన కోడి కొన్నాళ్లు పైకి బాగానే కనిపిస్తుంది. అందుకే కనీసం 21 రోజులు ఆ పెట్టను అమ్మొద్దు, ఇంకోళ్ల కోళ్లలో కలపొద్దు, కొత్తదాన్నీ తేవొద్దు. పొద్దున్నే గూడు తీయగానే మూడు చూడండి. రెట్ట గట్టిగా ఉందా? తురాయి ఎర్రగా ఉందా? గింజ వేస్తే పరుగున వస్తుందా? ఒకటి రెండు రోజులు మేత తగ్గినా ఫరవాలేదు. రెండో రోజు దాటినా ముట్టకపోతే, పారుడు పట్టినా, గురక వచ్చినా డాక్టరుకు చూపించాలి. తెలిసినవాళ్లు చెప్పారని మందుల షాపులో మాత్రలు కొని వేయొద్దు. కొక్కెర తెగులు వైరస్ జబ్బు, మాత్రలకు లొంగదు.

తోడు తెచ్చే పద్ధతి

గడువు దాటి పెట్ట నిక్షేపంగా ఉంటే అప్పుడు తోడు సంగతి. తెచ్చేది ఒకటి కాకుండా రెండు తెండి. కోళ్లలో పెద్దరికం గొడవ ఉంటుంది. ఎవరు ఎవర్ని పొడవాలో వాటికో వరస ఉందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. మీ పెట్టకు ఆ పెరడు సొంతం, కొత్తది పరాయిది. ఒక్కటే వస్తే పొడుపులన్నీ దానికే తగులుతాయి. రెండైతే పంచుకుంటాయి. ఇంచుమించు మీ పెట్ట సైజువే చూసి తెండి.

వాటినీ మూడు వారాలు వేరేచోట, దూరంగా ఉంచాలి. ముందు మీ పెట్టకు మేత వేశాకే కొత్తవాటి దగ్గరికి పోవాలి. ఆ తర్వాత వారం రోజులు మధ్యలో వల కట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. చివరికి చీకటి పడ్డాక కొత్తవాటిని గూట్లో పెట్టండి. మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టాలి. రెండు మూడు రోజులు పొడుచుకోవడం మామూలే. రక్తం కనిపిస్తే మాత్రం విడదీయండి. గాయం ఎర్రగా కనిపిస్తే మిగతావి వదలవు.

ఖర్చు లేని దారి

మీ పెట్ట పొదుగుకు వచ్చిందా? అయితే తోడు కొనే పనే లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది గానీ, ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు. కాబట్టి పుంజు ఉన్న ఇంటి నుంచి, కోళ్లకు జబ్బు లేదని తెలిసినచోటి నుంచి, వారం లోపు గుడ్లు ఎనిమిదో పదో తెచ్చి రాత్రిపూట కింద పెట్టండి. 21 రోజులకు పిల్లలు దిగుతాయి. గుడ్లు ఎక్కువ కావాలనుకునేవాళ్లు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకాల రోజు పిల్లల్ని చీకట్లో పెట్ట కింద చేర్చవచ్చు. తన పిల్లలే అనుకుని సాకుతుంది.

టీకాకు వీధంతా కలవండి

పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా తప్పనిసరి. చిక్కేమిటంటే టీకా సీసా ఒక కోడికి రాదు, వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో వస్తుంది. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఒక్క కోడి కోసం ఎవరూ సీసా తెరవరు. అందుకే ఒంటి కోడి ఉన్నవాళ్లు టీకా లేకుండానే మిగిలిపోతున్నారు. జబ్బు మొదలయ్యేదీ అక్కడే. పది ఇళ్లవాళ్లు మాట్లాడుకుని, ఒక సాయంత్రం కోళ్లన్నీ గూళ్లకు చేరాక టీకా వేసేవారిని పిలిపించుకోండి. మీ వీధిలో ఒంటి పెట్టతో ఉన్న అవ్వ ఉంటే ఆమెనూ మరవొద్దు. ఆమె కోడికి టీకా పడితేనే మీ కోళ్లకూ క్షేమం.